పేద కిరాయిదారుల తరఫు వకీలుగా పనిచేయడం ఎలా

హైదరాబాదు బస్తీల్లో ఒకటి రెండు గదులు కిరాయికి తీసుకొని ఉండే ఇంటి పనివారిని, ఆటో డ్రైవర్లను, సెక్యూరిటీ గార్డులను, తాపీ పని కూలీలను ఖాళీ చేయించడానికి ఇంటి యజమానికి కోర్టుకు వెళ్ళే అవసరం సాధారణంగా రాదు. నెలాఖరుకు ఖాళీ చేయమని నోటి మాటగా చెబుతాడు. వినకపోతే నీళ్ళ మోటారు ఆపుతాడు, కరెంటు తీయిస్తాడు, ఒకరోజు పనికి వెళ్ళి వచ్చేసరికి తలుపుకు ఇంకో తాళం వేసి ఉంటుంది. కోర్టు దాకా వచ్చే కేసుల్లో కూడా కిరాయిదారు చాలాసార్లు హాజరే కాడు, ఎక్స్‌పార్టీ డిక్రీ (అతను లేకుండానే ఇచ్చే తీర్పు) అయిపోతుంది, దాన్ని అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీనా ఇంటి ముందు నిలబడినప్పుడు గానీ తన మీద కేసు నడిచిందన్న సంగతి అతనికి తెలియదు. స్వచ్ఛంద సంస్థ ద్వారా గానీ, న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ (ఉచిత న్యాయ సహాయం చేసే వకీళ్ళ జాబితా) ద్వారా గానీ, ఫీజు తీసుకోకుండా ఇలాంటివారి తరఫున నిలబడదలచిన యువ న్యాయవాదుల కోసం ఈ వివరం రాస్తున్నాను. ఇందులోని చట్టం తెలంగాణకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్ 2017లో వేరే కిరాయి చట్టం చేసుకుంది కనుక అక్కడ పనిచేసేవారు పద్ధతిని మాత్రం తీసుకొని, సెక్షన్లను విడిగా చూసుకోవాలి.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ పనిలోకి వచ్చేవారిలో చాలామంది రాజ్యాంగం 21వ అధికరణం, నివాస హక్కు, ఫుట్‌పాత్‌ల మీద నివసించేవారి జీవనోపాధి హక్కు గురించిన 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు మనసులో పెట్టుకొని వస్తారు. ప్రైవేటు యజమానికీ కిరాయిదారుకూ మధ్య నడిచే కేసులో వాటిని ఎత్తే అవసరం దాదాపుగా రాదు. ఇక్కడ ఫలితాన్ని తేల్చేవి కిరాయి చెల్లించినట్టు రుజువు, దాన్ని చెల్లించిన తేదీ, తప్పకుండా హాజరైన వాయిదా. వీటిని కాపాడగలిగిన వకీలు మామూలు వాదనతో కూడా కుటుంబాన్ని నిలబెట్టగలుగుతాడు. వీటిని వదిలేసినవాడు ఎంత గొప్పగా వాదించినా ఉపయోగం ఉండదు.

జీతం, సనదు, ప్యానెల్

స్వచ్ఛంద సంస్థలో చేరేముందు మీ నియామక పత్రాన్ని జాగ్రత్తగా చదవండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 49వ నియమం ప్రకారం, ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది ఎవరి దగ్గరా పూర్తికాలపు జీతగాడుగా ఉండకూడదు. అందువల్ల సంస్థ మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకొని, భవిష్యనిధి కోసి, అదే సమయంలో మీ పేరుతో వకాల్తా వేయించడం చిక్కులు తెచ్చే ఏర్పాటు. చాలా సంస్థలు రిటైనర్ (ఉద్యోగం కాకుండా స్థిరమైన ఫీజు ఇచ్చే) పద్ధతిని గానీ, కేసుకు ఇంత అనే పద్ధతిని గానీ పాటిస్తాయి. సంస్థ కార్యాలయ పని కోసం ఉద్యోగంలో చేరి సనదును, అంటే ప్రాక్టీసు అనుమతిని, తాత్కాలికంగా నిలిపివేయించుకున్నవారు పరిశోధన, శిక్షణ, కౌన్సెలింగ్ చేయవచ్చు గానీ కోర్టులో నిలబడకూడదు. కొత్తగా ఎన్‌రోల్ అయ్యేవారికి ఒక మంచి వార్త ఉంది. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ రుసుము జనరల్ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదు.

సంస్థలో ఉన్నా లేకపోయినా, న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో పేరు నమోదు చేసుకోవడం మంచిది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఆదాయం విషయంలో దరఖాస్తుదారు ఇచ్చే అఫిడవిట్‌నే చాలినదిగా భావించవచ్చని 13వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, తహసీల్దారు సర్టిఫికెట్ తెచ్చుకొమ్మని క్లయింటును పది రోజులు తిప్పనక్కరలేదు. ప్యానెల్ కేసులో క్లయింటు దగ్గర జిరాక్సు ఖర్చు పేరుతో కూడా డబ్బు తీసుకోకూడదు. బస్తీలో మీ ఫోను నంబరు అందరికీ ఇవ్వలేకపోయినా, న్యాయ సహాయం కోసం దేశమంతటా పనిచేసే 15100 నంబరును గోడ మీద రాయించవచ్చు.

మొదటి కలయిక

క్లయింటు ఒక ప్లాస్టిక్ కవరు తెస్తుంది. అందులో నలిగిన స్టాంపు కాగితం మీద పదకొండు నెలల ఒప్పందం, ఆధార్ జిరాక్సు, గ్యాసు పుస్తకం, పిల్లల బోనఫైడ్, కరెంటు బిల్లులు, వాటి మధ్య ఎప్పుడో వచ్చి ఇంకా విప్పని రిజిస్టర్డ్ పోస్టు కవరు ఉంటాయి. ముందుగా తీయవలసింది ఆ కవరునే. అది లాయరు నోటీసా, రెంట్ కంట్రోలర్ (కిరాయి తగాదాలు విచారించే న్యాయాధికారి) సమనా, సివిల్ కోర్టు సమనా అన్నది చూసి, అందిన తేదీని, హాజరు కావలసిన తేదీని ఫైలు అట్ట మీద పెద్దగా రాయండి. తర్వాత ఆ కాగితంలో ఏముందో ఆమెకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించండి. తెలుగు, ఉర్దూ, హిందీలతో పని జరిగే చోటు ఇది. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం అయితే ఒడియా తెలిసిన మనిషిని పిలిపించుకోవాలి. కోర్టు కాగితాన్ని ఇంట్లోని పదేళ్ళ పిల్లవాడి చేత అనువాదం చేయించడం పిల్లవాడికీ కేసుకూ మంచిది కాదు.

ఒప్పందం లేదనగానే దిగాలు పడవద్దు. కిరాయి సంబంధాన్ని రుజువు చేయడానికి ఆధార్, ఓటరు జాబితా, గ్యాసు కనెక్షన్, బడి రికార్డుల్లోని చిరునామా, ఫోన్‌పే, గూగుల్ పే చెల్లింపులు, యజమాని పంపిన వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి. ఫోనులోని రుజువులను కోర్టులో పెట్టాలంటే 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. కనుక క్లయింటు ఆ ఫోనును అమ్మేయకుండా, మార్చేయకుండా మొదటి రోజే చెప్పాలి. ఒప్పందం ఉండి, దానికి సరిపడా స్టాంపు లేకపోతే సుంకం, జరిమానా కట్టేదాకా కోర్టు దాన్ని రుజువుగా తీసుకోదు. రిజిస్టరు కావలసి ఉండి కాని కాగితాన్ని కూడా, షరతులను రుజువు చేయడానికి కాకపోయినా, మనిషి ఇంట్లో ఏ హోదాలో ఉన్నాడో చూపడం వంటి అనుబంధ ప్రయోజనానికి చూడవచ్చు.

నగదు రూపంలో కిరాయి ఇచ్చేవారి దగ్గర కొన్నిసార్లు చిన్న నోటు పుస్తకం ఉంటుంది. నెల, మొత్తం, యజమాని పొట్టి సంతకం వరుసగా ఉంటాయి. దీన్ని చూసి సంతోషించేముందు పేజీలను వెలుతురులో పెట్టి పరీక్షించండి. ఒకే పెన్నుతో, ఒకే ఊపులో, ఒకే రోజు రాసినట్టు కనిపించే ఏడాది సంతకాలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడవు. రంగు మారిన సిరా, ఒక నెల తగ్గించి ఇచ్చి తర్వాతి నెలలో కలిపిన లెక్క, మధ్యలో మోటారు రిపేరుకు కోసుకున్న రెండు వందలు ఉన్న పుస్తకాన్ని న్యాయమూర్తి నమ్ముతారు. పుస్తకం క్లయింటుదే అయినా, అది నిజంగా నెలనెలా రాసినదేనా అన్న ప్రశ్నను మీ గదిలోనే మొహమాటం లేకుండా అడగాలి.

ఏ చట్టం కిందికి వస్తుంది

1960 నాటి తెలంగాణ భవనాల (లీజు, కిరాయి, ఖాళీ నియంత్రణ) చట్టం, అంటే వాడుకలో రెంట్ కంట్రోల్ చట్టం, కిరాయిదారుకు గట్టి రక్షణ ఇస్తుంది. ఒప్పందం గడువు ముగిసిందన్న ఒక్క కారణంతో ఖాళీ చేయించడానికి వీలులేదు. 10వ సెక్షన్‌లో చెప్పిన కారణాల్లో ఒకటైనా రుజువు కావాలి. ఉద్దేశపూర్వకంగా కిరాయి ఎగవేయడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, ఇరుగుపొరుగును వేధించడం, వరుసగా నాలుగు నెలలు ఇంట్లో ఉండకపోవడం, యజమాని హక్కునే కాదనడం, యజమానికి సొంత అవసరం పడడం వీటిలో ముఖ్యమైనవి. గుడిసె కూడా ఈ చట్టం దృష్టిలో భవనమే. అసలు కిరాయిదారు చనిపోతే, చివరిదాకా అతనితో కలిసి ఆ ఇంట్లో ఉన్న భార్య, కొడుకు, కూతురు కిరాయిదారులే అవుతారు.

అయితే ఈ రక్షణకు చేదు పరిమితి ఒకటి ఉంది. 2005 సవరణ ప్రకారం మునిసిపల్ కార్పొరేషన్ ప్రాంతంలో నెల కిరాయి 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటితే ఈ చట్టం వర్తించదు. కొత్తగా కట్టిన భవనాలకూ కొన్నేళ్ళ మినహాయింపు ఉంది. ఆ మొత్తాలను నిర్ణయించినప్పుడు ఒక మధ్యతరగతి వాటా దొరికేదేమో గానీ, ఇప్పుడు హైదరాబాదులో రేకుల గదికి కూడా అంతకంటే ఎక్కువే అడుగుతున్నారు. పేదలను కాపాడవలసిన చట్టం పాత ఊళ్ళోని పాత కిరాయిలకే పరిమితమైపోయిందన్న బాధ ఈ పనిలో ఉన్న అందరికీ ఉంది. కానీ శాసనసభ చేయవలసిన పనిని కోర్టు గదిలో కోరలేము. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ కిరాయి ఎంత అన్నదే. కరెంటు, నీళ్ళ ఖర్చులు కలిపి చెప్పిన మొత్తమా, కిరాయి ఒక్కటేనా అన్నది విడదీసి అడగాలి. చట్టం వర్తిస్తుందా లేదా అన్నది ఆ రెండు మూడు వందల తేడాలో తేలిపోవచ్చు.

చట్టం వర్తిస్తే కేసు రెంట్ కంట్రోలర్ ముందుకు వస్తుంది. హైదరాబాదులో స్మాల్ కాజెస్ కోర్టు న్యాయమూర్తులే రెంట్ కంట్రోలర్లు. అప్పీలుకు 30 రోజులు, ఆ తర్వాత హైకోర్టులో రివిజను (పునఃపరిశీలన). ఇక్కడ, కిరాయి ముగిస్తున్నట్టు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వలేదన్న అభ్యంతరం పనిచేయదని 1979లోనే ధనపాల్ చెట్టియార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది, దాని మీద సమయం పెట్టవద్దు. చట్టం వర్తించకపోతే కేసు సివిల్ కోర్టులో ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్, అంటే అసలు దావా) నంబరుతో, ఆస్తి బదిలీ చట్టం కింద వస్తుంది. నెలసరి కిరాయిని ముగించడానికి 106వ సెక్షన్ 15 రోజుల రాతపూర్వక నోటీసు అడుగుతుంది. నోటీసులో రోజులు తక్కువైనా, దావా 15 రోజులు గడిచాక వేసి ఉంటే దాన్ని చెల్లనిదిగా చూడకూడదని సవరణ వచ్చింది కనుక, చిన్న లెక్కల తప్పు మీద ఆశ పెట్టుకోవద్దు. నోటీసు అసలు ఇవ్వకపోవడం, ఇచ్చాక కూడా కిరాయిదారును కొనసాగించే ఉద్దేశంతో కిరాయి తీసుకోవడం మాత్రం గట్టి వాదనలే.

కిరాయి ఆగకూడదు

ఈ వృత్తిలో మీరు క్లయింటుకు ఎక్కువసార్లు చెప్పవలసిన మాట ఇదే. గొడవ మొదలవగానే కిరాయిదారు కోపంతో కిరాయి ఆపేస్తాడు, లేదా యజమాని కావాలనే తీసుకోవడం మానేసి మూడు నెలల తర్వాత ఎగవేత కేసు వేస్తాడు. రెంట్ కంట్రోల్ చట్టం 8వ సెక్షన్ దీనికి మార్గం చూపింది. కిరాయి ఇచ్చినప్పుడల్లా రసీదు అడిగే హక్కు కిరాయిదారుకు ఉంది. యజమాని కిరాయి తీసుకోకపోతే, ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే కమిషను మినహాయించుకొని మనియార్డరు పంపాలి. దాన్ని కూడా తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర జమ చేయడానికి దరఖాస్తు పెట్టాలి. ఈ మెట్లలో ఒకదాన్ని దాటేసి నేరుగా చివరిదానికి వెళితే అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. ప్రతి మెట్టుకూ కాగితం ఉండాలి: నోటీసు ప్రతి, పోస్టాఫీసు రసీదు, ‘తీసుకోలేదు’ అని రాసి తిరిగి వచ్చిన కవరు. తిరిగి వచ్చిన కవరును విప్పకండి. దాన్ని కోర్టులో విప్పడం మేలు.

కేసు పడ్డాక నియమం ఇంకా కఠినమవుతుంది. యజమాని ఏ కారణంతో పిటిషన్ వేసినా, బకాయి మొత్తం కట్టి, ఆపై నెలనెలా కడుతూ ఉంటే తప్ప పోరాడే హక్కు ఉండదని 11వ సెక్షన్ చెబుతోంది. కట్టకపోతే, అందుకు తగిన కారణం చూపకపోతే, విచారణ ఆపేసి ఇల్లు అప్పగించమని ఆదేశించవచ్చు. సివిల్ కోర్టులోనూ తప్పించుకోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన రాష్ట్రాలకు ప్రత్యేకంగా చేర్చిన ఆర్డర్ 15-ఏ ప్రకారం, వివాదం లేని బకాయిని రాతపూర్వక సమాధానంతో పాటు జమ చేసి, తర్వాత కూడా జమ చేస్తూ ఉండాలి. లేకపోతే సమాధానాన్నే కొట్టేయవచ్చు. అందువల్ల సమాధానం రాయడానికి కూర్చునేముందు లెక్క రాయండి. ఒక కాగితం మీద నెల, కట్టవలసినది, కట్టినది, ఎలా కట్టారు, రుజువు ఏది అన్న వరుసలు గీసి, క్లయింటు ఎదురుగా నింపండి. ఖాళీగా మిగిలిన గళ్ళే మీ కేసులోని బలహీనత, అవి ఎన్నో మొదటి రోజే తెలియాలి.

ఆ ఖాళీలను పూరించడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆసుపత్రి ఖర్చు వల్లనో, పని పోవడం వల్లనో రెండు నెలలు వెనకబడిన కుటుంబానికి చట్టం కంటే ముందు ఏడెనిమిది వేల రూపాయలు కావాలి. సంస్థలో చిన్న సహాయ నిధి ఉంటే, ఎన్నో కేసులు మొదటి వాయిదాకే ముగిసిపోతాయి. అయితే వకీలు తాను నడిపే కేసు కోసం క్లయింటుకు అప్పు ఇవ్వకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి, కాబట్టి ఆ డబ్బు మీ జేబులోంచి రాకూడదు. నిధి నిర్ణయం సంస్థలో వేరే మనిషి చేతిలో ఉండాలి, చెల్లింపు యజమాని ఖాతాకు గానీ కోర్టు చలానాకు గానీ నేరుగా వెళ్ళాలి. రెంట్ కంట్రోల్ కేసులో ఎగవేత ఉద్దేశపూర్వకం కాదని కంట్రోలర్ భావిస్తే, బకాయి కట్టడానికి 15 రోజులకు మించకుండా గడువు ఇచ్చి, కట్టగానే పిటిషన్‌ను తోసిపుచ్చవచ్చు. డబ్బు సిద్ధంగా లేకపోతే ఆ వెసులుబాటు వచ్చినా చేజారిపోతుంది.

అడ్వాన్సు సంగతి కూడా మరిచిపోకండి. చట్టం అనుమతించినదానికి మించిన అడ్వాన్సును యజమాని దగ్గర పెట్టుకొని, అదే కిరాయిదారును ఎగవేతదారు అనడం చెల్లదని 1989లో గూడూరు మోడరన్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన రెంట్ కంట్రోల్ చట్టం మీదే వచ్చిన తీర్పు. అయినా అడ్వాన్సు ఉందిలే అని క్లయింటు కిరాయి ఆపేలా సలహా ఇవ్వకండి. ఇప్పటికే బకాయి పడినవారిని కాపాడుకోవడానికే ఈ తీర్పును వాడాలి, కొత్త బకాయికి దారి తీయకూడదు.

సమాధానం రాసేటప్పుడు

క్లయింటు చెప్పినదంతా కౌంటరులో, అంటే కోర్టుకు ఇచ్చే రాతపూర్వక సమాధానంలో, పెట్టవద్దు. ‘ఈ ఇల్లు అసలు ఆయనది కాదు, వాళ్ళ అన్నది’ అని క్లయింటు ఆవేశంగా అంటుంది. చుట్టుపక్కలవారు కూడా అదే చెబుతారు. ఆ మాటను కౌంటరులో రాస్తే, కేసులో లేని కొత్త కారణాన్ని మీరే యజమాని చేతికి ఇచ్చినట్టు. ఎవరి దగ్గర కిరాయికి దిగామో ఆ మనిషి హక్కును కాదనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు, కిరాయి నియంత్రణ చట్టమూ ఆస్తి బదిలీ చట్టమూ రెండూ దాన్ని ఖాళీ చేయించే కారణంగా చూస్తాయి. అన్నదమ్ముల మధ్య నిజంగానే తగాదా ఉండి, కిరాయి ఎవరికి ఇవ్వాలో తెలియకపోతే, హక్కును కాదనకుండా, ఇద్దరి నోటీసులనూ జతచేసి, కోర్టు చెప్పిన చోట కడతామని రాయడం సరైన పద్ధతి.

సొంత అవసరం కోసం వేసిన కేసుల్లో యజమాని కుటుంబంలో ఎంతమంది ఉన్నారు, అదే నగరంలో వారికి ఇంకో ఇల్లు ఉందా, పై అంతస్తు గది కిందటి నెలలోనే వేరేవారికి కిరాయికి ఇచ్చారా అన్న వివరాలను బస్తీలో తిరిగి తెలుసుకోవాలి. ‘టు లెట్’ బోర్డు వేలాడుతున్న ఫొటో, తేదీ సహా, క్రాస్‌లో పది ప్రశ్నల కంటే ఎక్కువ పని చేస్తుంది. సివిల్ దావాలో సమాధానానికి 30 రోజులు, కారణం చూపితే 90 రోజుల దాకా పొడిగింపు ఉంటుంది. దాన్ని చివరిదాకా వాడుకోవాలనుకోవడం పేద క్లయింటు విషయంలో ప్రమాదమే, ఎందుకంటే ఆ మధ్యలో ఆమె పని మారి, ఫోను నంబరు మారి, కనిపించకుండా పోవచ్చు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయి వచ్చినవారికి దాన్ని రద్దు చేయించుకోవడానికి 30 రోజులే గడువు, సమను సరిగా అందకపోతే తెలిసిన నాటి నుంచి లెక్క. సమను ఏ చిరునామాకు వెళ్ళింది, ఎవరు తీసుకున్నారు, తలుపుకు అంటించారా అన్నది కోర్టు రికార్డులో మీరే స్వయంగా చూడాలి.

ఒప్పందం భర్త పేరు మీద ఉండి, భర్త వదిలేసి పోయిన ఇళ్ళలో, ఆ భార్యకు కేసులో చోటు లేదని అవతలివారు అంటారు. వదిలివేయబడిన భార్య కిరాయి ఇంట్లో ఉంటూ కేసును ఎదుర్కోవచ్చని 2005లో అచల ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది. అదే సంవత్సరం వచ్చిన గృహహింస చట్టం కింద కిరాయి ఇల్లు కూడా ఉమ్మడి గృహమే, కనుక వేరే ఇంటికి కిరాయి కట్టమని భర్తను ఆదేశించాలని కోరవచ్చు. ఈ రెండు దారులనూ కలిపి నడపండి.

తాళం వేసినప్పుడు

సాయంత్రం ఏడింటికి ఫోను వస్తుంది: సామాను లోపల ఉంది, పిల్లలు మెట్ల మీద ఉన్నారు. ముందు తాళం ఫొటో, వీడియో తీయమని, పక్కింటివారి పేర్లు రాసుకొమ్మని చెప్పండి. తాళం పగలగొట్టవద్దని గట్టిగా చెప్పండి. పగలగొడితే కేసు ఎదురు తిరుగుతుంది. 112కు ఫోను చేసి, పోలీసు స్టేషనులో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోవాలి. ‘ఇది సివిల్ మ్యాటర్’ అన్న సమాధానం దాదాపు ఖాయం. అప్పుడు వాదనకు దిగకుండా, ఇల్లు ఎవరిదో తేల్చమని అడగడం లేదనీ, లోపల చిక్కుకున్న మందులు, పిల్లల పుస్తకాలు, కట్టుబట్టలు తీసుకోనివ్వమని, బలవంతంగా అడ్డగించడాన్ని నమోదు చేయమని మాత్రమే అడుగుతున్నామనీ చెప్పండి. చాలాసార్లు ఆ రాత్రికే తాళం తెరిపించేది ఎస్సైగారి ఒక ఫోన్ కాల్. ఆయనతో మర్యాదగా మాట్లాడగలగడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవలసిన పనే.

అలా తెరుచుకోకపోతే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయాలి. చట్ట ప్రకారం కాకుండా వెళ్ళగొట్టారని, ఆరు నెలల లోపు వచ్చామని చూపితే చాలు. యజమాని ఇల్లు తనదేనని ఎంత రుజువు చేసినా ఆ దావాలో అది అడ్డం కాదు, తీర్పు మీద అప్పీలు కూడా లేదు. ఆరు నెలలు దాటితే ఈ సులువైన దారి మూసుకుపోతుంది. దావాతో పాటు తాత్కాలిక ఉత్తర్వు కోసం ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు), లోపలి సామానును నమోదు చేయడానికి కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్ కోసం ఇంకో ఐ.ఏ. వేయండి. కరెంటు తీసేసిన కేసుల్లో, విద్యుత్తు కనీస అవసరమనీ, యజమాని అభ్యంతరం ఉందన్న కారణంతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించరాదనీ 2022 మేలో దిలీప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను దరఖాస్తుకు జతచేయండి.

ప్రభుత్వ భూమి మీది గుడిసెలు, నాలాల పక్క ఇళ్ళు తొలగించే కేసులు దీనికి భిన్నమైనవి. వాటిలో 1905 నాటి భూ ఆక్రమణ చట్టం నోటీసులు, హైకోర్టులో రిట్ పిటిషన్ వస్తాయి. అక్కడ ఇల్లు కట్టుకున్నవారి తరఫునా, అందులో కిరాయికి ఉన్నవారి తరఫునా ఒకే వకీలు నిలబడితే, పునరావాసం మాట వచ్చేసరికి ఇద్దరి ప్రయోజనాలూ ఢీకొంటాయని మాత్రం ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

రాజీ

నిజం చెప్పాలంటే, ఆస్తి బదిలీ చట్టం కింద వచ్చే చాలా కేసుల్లో కిరాయిదారు చివరికి ఖాళీ చేయవలసిందే. వకీలు సంపాదించి పెట్టగలిగేది సమయం, అడ్వాన్సు, బకాయి మాఫీ. దీన్ని ఓటమిగా చూసేవారు ఈ పనిలో త్వరగా అలసిపోతారు. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉన్న పిల్ల ఉన్న ఇంటికి జనవరి బదులు ఏప్రిల్ చివరి తేదీ సంపాదించడం ఆ కుటుంబానికి చాలా పెద్ద విషయం.

అవతలి వకీలు రాజీ షరతులతో రాసుకొచ్చిన మెమో మీద, కారిడార్‌లో నిలబడి సంతకం పెట్టించవద్దు. లోక్ అదాలత్‌లో సంతకం పెట్టిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కోర్టుకు ఇచ్చిన హామీని తప్పితే ధిక్కారం కిందికి రావచ్చు. కాబట్టి క్లయింటు నిజంగా పాటించగల తేదీకే ఒప్పుకోండి. అడ్వాన్సు ‘తర్వాత ఇస్తాం’ అన్న మాటను అంగీకరించవద్దు. తాళం చెవి ఇచ్చే సమయంలోనే అడ్వాన్సు ఇవ్వాలని రాయించండి. రంగుల ఖర్చు పేరుతో ఒక నెల కిరాయి కోసుకోవడం నగరంలో అలవాటుగా మారింది. కోస్తారా, కోయరా, ఎంత అన్నది మెమోలోనే ఉండాలి. సబ్ మీటరు మీద యూనిట్‌కు యజమాని సొంత ధర వేసి చివర్లో పెద్ద కరెంటు బిల్లు చూపించే అలవాటూ ఉంది, కనుక మీటరు రీడింగు ఏ తేదీన ఎవరి ఎదురుగా తీయాలో కూడా రాయండి. ఇంకా, దిగువ కోర్టులో ఓడిపోయి అప్పీలుకు వెళ్ళేవారికి, స్టే ఇచ్చేటప్పుడు కోర్టు మార్కెట్ కిరాయి కట్టమని షరతు పెట్టవచ్చని 2004 నాటి ఆత్మారాం ప్రాపర్టీస్ తీర్పు చెబుతోందని ముందే తెలియజేయండి. మూడు వేలు కట్టలేనివారు పది వేల షరతు మీద స్టే తెచ్చుకొని లాభం లేదు.

మెమోను క్లయింటుకు ఆమె భాషలో రెండుసార్లు చదివి వినిపించి, ప్రతి షరతునూ ఆమె చేత తన మాటల్లో తిరిగి చెప్పించుకోండి. వేలిముద్ర వేసేవారైతే, చదివి వినిపించామన్న వాక్యాన్ని, ఆ భాష పేరును, చదివినవారి సంతకాన్ని కింద చేర్చండి.

ఇల్లు అప్పగించే రోజు సంస్థ నుంచి ఒకరు అక్కడ ఉండాలి. ఖాళీ గదుల ఫొటోలు తీసి, మీటరు రీడింగు రాసి, తాళం చెవి అందుకున్నట్టు, అడ్వాన్సు ఇచ్చినట్టు ఒకే కాగితం మీద ఇద్దరి సంతకాలూ తీసుకొని, ఆ కాగితాన్ని మెమోతో పాటు కోర్టులో దాఖలు చేయాలి. ఈ.పి. (డిక్రీ అమలు కోసం వేసే పిటిషన్) పెండింగులో ఉంటే అది మూసివేసినట్టు ఉత్తర్వు వచ్చేదాకా ఫైలును అలమారలో పెట్టకండి. అప్పగింత నమోదు కాని కారణంగా ఆరు నెలల తర్వాత బకాయి కోసం ఇంకో పిటిషన్ వచ్చిన కుటుంబాలు ఉన్నాయి, అప్పటికి వారు ఏ బస్తీకి మారారో కూడా కనుక్కోవడం కష్టం.